మైక్రోలీటర్ నుంచి ఫెమ్టోలీటర్ దాకా: ఎక్కడ గుణించాలి, ఎక్కడ భాగించాలి?

ప్రశ్న: నేను మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. మిల్లీలీటర్, మైక్రోలీటర్ వరకు బాగానే ఉంది. నానో, పికో, ఫెమ్టో అనేసరికి ఎక్కడ గుణించాలో ఎక్కడ భాగించాలో తెలియక టెన్షన్ వచ్చేస్తోంది. పట్టిక బట్టీ పట్టినా పరీక్షలో గుర్తు రావడం లేదు. 1 మిల్లీమీటర్‌కి 1000 మైక్రోమీటర్లు కదా అని, 1 క్యూబిక్ మిల్లీమీటర్‌కి 1000 క్యూబిక్ మైక్రోమీటర్లు అని రాస్తే తప్పని కొట్టేశారు. ఎందుకు తప్పు? ఇంకో సందేహం: మా అమ్మకి రెండు చోట్ల రక్తపరీక్ష చేయించాం. ఒక రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2,10,000 అని, ఇంకో దాంట్లో 204 అని ఉంది. ఇంట్లో అందరూ కంగారు పడ్డారు. ఇలాంటి లెక్కలకి ఫోన్‌లో కన్వర్టర్ యాప్‌ని నమ్ముకుంటే సరిపోతుందా?

సమాధానం: ముందు మీ అమ్మగారి రిపోర్టు సంగతి చెప్పేస్తాను, ఇంట్లో కంగారు తగ్గాలి. 204 పక్కన చిన్న అక్షరాల్లో “× 10⁹ / లీటర్” అని ఉండాలి, ఒకసారి చూడండి. 2,10,000 పక్కన “/ మైక్రోలీటర్” అనో “/ క్యూబిక్ మిల్లీమీటర్” అనో ఉండాలి. ఒక లీటర్‌లో పది లక్షల మైక్రోలీటర్లు ఉంటాయి. లీటర్ రక్తంలో 204 × 10⁹ ప్లేట్‌లెట్లు ఉంటే, ఒక్క మైక్రోలీటర్‌లో ఉండేవి అందులో పది లక్షలో వంతు, అంటే 2,04,000. ఒక చోట రెండు లక్షల పది వేలు, ఇంకో చోట రెండు లక్షల నాలుగు వేలు. ఒకే మనిషికి రెండుసార్లు పరీక్ష చేస్తే ఆ మాత్రం తేడా రావడం మామూలే. పెద్దవాళ్లలో సాధారణంగా మైక్రోలీటర్‌కి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. కాబట్టి ప్లేట్‌లెట్ల విషయంలో రెండు రిపోర్టులూ చెబుతున్నది ఒకటే. మిగతా అంకెల గురించి మీ డాక్టర్‌గారు చెబుతారు.

ఇక లెక్క. మీరు అడిగినవి వేరువేరు సందేహాల్లా కనిపిస్తాయి గానీ వాటన్నిటి వేరూ ఒకే చోట ఉంది. చిన్న ఘనపరిమాణాలు కొలవడానికి మన దగ్గర రెండు వరసలున్నాయి. ఒకటి లీటర్ వరస: మిల్లీలీటర్, మైక్రోలీటర్, నానోలీటర్, పికోలీటర్, ఫెమ్టోలీటర్. రెండోది పొడవుని ఘనం చేస్తే వచ్చే వరస: క్యూబిక్ సెంటీమీటర్, క్యూబిక్ మిల్లీమీటర్, క్యూబిక్ మైక్రోమీటర్. రెండూ కొలిచేది ఒకదాన్నే, కానీ వాటి మెట్ల ఎత్తు వేరు. లీటర్ వరసలో ఒక్కో మెట్టుకి వెయ్యి రెట్ల తేడా. రెండో వరసలో మిల్లీమీటర్ నుంచి మైక్రోమీటర్‌కి దిగితే వంద కోట్ల రెట్ల తేడా. మీరు ఒక వరసలోని మెట్టుని ఇంకో వరసలో వేశారు. అంతకు మించి జరిగిన పొరపాటేమీ లేదు.

దీన్ని బట్టీ పట్టకుండా ఒక బొమ్మతో పట్టుకోవచ్చు. నోటుపుస్తకంలో ఒక ఘనం గీయండి. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 1 సెంటీమీటర్. అందులో పట్టేది సరిగ్గా 1 మిల్లీలీటర్. ఇప్పుడు భుజాన్ని పదో వంతుకి తగ్గించండి, అంటే 1 మిల్లీమీటర్. ఇలాంటి చిన్న ఘనాలు పెద్దదాంట్లో ఎన్ని పడతాయి? పొడవున పది, వెడల్పున పది, ఎత్తున పది, మొత్తం వెయ్యి. కాబట్టి చిన్న ఘనంలో పట్టేది మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు. అదే 1 మైక్రోలీటర్. భుజం పదో వంతు అయితే ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. మిగతా లెక్కంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ఇంకా కిందికి దిగుదాం. భుజం 0.1 మిల్లీమీటర్, అంటే 100 మైక్రోమీటర్లు: 1 నానోలీటర్. భుజం 10 మైక్రోమీటర్లు: 1 పికోలీటర్. భుజం 1 మైక్రోమీటర్: 1 ఫెమ్టోలీటర్. ఇప్పుడు మీ పరీక్ష ప్రశ్న దగ్గరికి రండి. 1 మిల్లీమీటర్ భుజం నుంచి 1 మైక్రోమీటర్ భుజానికి రావాలంటే పదో వంతు చేయడం ఎన్నిసార్లు జరిగింది? మూడుసార్లు. ప్రతిసారీ వెయ్యి రెట్లు. వెయ్యిని వెయ్యితో, దాన్ని మళ్లీ వెయ్యితో గుణిస్తే వంద కోట్లు. 1 క్యూబిక్ మిల్లీమీటర్‌కి 100 కోట్ల క్యూబిక్ మైక్రోమీటర్లు, అంటే 10⁹. మీరు రాసిన వెయ్యి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మైక్రోలీటర్‌కి 1000 నానోలీటర్లు అన్నది నిజమే, కానీ క్యూబిక్ మైక్రోమీటర్ చేరాలంటే నానో దాటి, పికో దాటి, ఫెమ్టో దాకా వెళ్లాలి.

పట్టిక మొత్తం గుర్తుంచుకోనక్కర్లేదు. రెండు వరసలూ కలిసే చోట్లు మూడు గుర్తుంటే చాలు: మిల్లీలీటర్ అంటే క్యూబిక్ సెంటీమీటర్, మైక్రోలీటర్ అంటే క్యూబిక్ మిల్లీమీటర్, ఫెమ్టోలీటర్ అంటే క్యూబిక్ మైక్రోమీటర్. మధ్యలో ఉన్న నానో, పికోలని మెట్లు లెక్కపెట్టుకుంటూ చేరుకోవచ్చు. ఫెమ్టో కింద అటో, జెప్టో, యోక్టో అని ఇంకా ఉన్నాయి. ఒక క్యూబిక్ నానోమీటర్ అంటే సరిగ్గా 1 యోక్టోలీటర్. మీ కోర్సులో వాటి అవసరం రాదు.

ఇక్కడ ఒక పాత చరిత్ర చెప్పాలి, ఎందుకంటే లైబ్రరీలో పాత పుస్తకం తెరిస్తే మీకు తగలొచ్చు. మిల్లీలీటర్, సీసీ (అంటే క్యూబిక్ సెంటీమీటర్) అప్పట్లో సరిగ్గా ఒకటి కాదు. 1901లో లీటర్‌ని పొడవుతో కాకుండా బరువుతో నిర్వచించారు: అత్యధిక సాంద్రత దగ్గర ఒక కిలో శుద్ధమైన నీరు ఆక్రమించే చోటు అని. అది 1.000028 క్యూబిక్ డెసిమీటర్లని తర్వాత తేలింది (భుజం 10 సెంటీమీటర్లున్న ఘనమే క్యూబిక్ డెసిమీటర్). 1964లో జరిగిన తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ నిర్వచనాన్ని తీసేసి, లీటర్ అంటే సరిగ్గా ఒక క్యూబిక్ డెసిమీటర్ అని ఖాయం చేసింది. ఫెమ్టో, అటో అన్న పేర్లని ఆమోదించింది కూడా అదే సభ. మైక్రోలీటర్‌నీ క్యూబిక్ మిల్లీమీటర్‌నీ ఈ రోజు మనం నిశ్చింతగా ఒకటే అనగలుగుతున్నది ఆ నిర్ణయం వల్లే.

గుణించాలా భాగించాలా అన్న దానికి వస్తే, సూత్రం వెతక్కండి. జవాబు అంకె పెద్దదవ్వాలా చిన్నదవ్వాలా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. యూనిట్ చిన్నదైతే అంకె పెరుగుతుంది. 0.35 మైక్రోలీటర్లని నానోలీటర్లలో చెప్పాలంటే ఒక మెట్టు కిందికి, కాబట్టి 350. పికోలీటర్లలో అయితే ఇంకో మెట్టు, 3,50,000. ఎదురు దిశలో 7500 పికోలీటర్లు అంటే 7.5 నానోలీటర్లు, 0.0075 మైక్రోలీటర్లు. ప్రతి మెట్టుకీ దశాంశ బిందువు మూడు స్థానాలు జరుగుతుంది, అంతే.

అయితే మనవాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది, దాని గురించి పుస్తకాలు ఎందుకో మాట్లాడవు. మన లెక్క వెయ్యి దాటాక వందల మీద నడుస్తుంది. వంద వేలు లక్ష, వంద లక్షలు కోటి. కామాలు కూడా అలాగే పెడతాం. మెట్రిక్ మెట్లేమో వేల మీద నడుస్తాయి. 1,00,00,00,000 అని రాసుకుని అందులో మూడేసి సున్నాలు లెక్కపెట్టబోతే కళ్లు తప్పక మోసం చేస్తాయి. అది పది కోట్లా, వంద కోట్లా అన్న తడబాటు చాలామందికి ఇక్కడే వస్తుంది. ఈ లెక్కలు చేసేటప్పుడు మాత్రం కామాలు మానేసి, కుడి నుంచి మూడేసి అంకెలకి చిన్న ఖాళీ వదలండి: 1 000 000 000. ఒక్కో గుంపు ఒక్కో మెట్టు. నోటితో చెప్పుకోవడానికి మాత్రం ఇవి గుర్తుంచుకోండి: రెండు మెట్లు పది లక్షలు, మూడు మెట్లు వంద కోట్లు, నాలుగు మెట్లు లక్ష కోట్లు.

ఇప్పుడు అసలు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. ల్యాబ్‌లో మీరు మార్చే అంకెల్లో చాలావరకు ఉత్త ఘనపరిమాణాలు కావు. “మైక్రోలీటర్‌కి ఇన్ని కణాలు”, “లీటర్‌కి ఇన్ని కణాలు” అన్న రకం. ఘనపరిమాణం కింద, అంటే భాగహారంలో, కూర్చున్నప్పుడు దిశ తిరగబడుతుంది. చిన్న యూనిట్‌కి మారితే అంకె తగ్గుతుంది, ఎందుకంటే చిన్న చోటులో తక్కువ కణాలే పడతాయి. ప్లేట్‌లెట్ల లెక్కలో జరిగింది ఇదే. యూనిట్ మారింది, 10⁹ అన్న ముక్క పక్కకి పోయింది, కాగితం మీద 204 మాత్రం పెద్దగా కనిపించింది. రోగి బంధువులు చూసేది ఆ పెద్ద అంకెనే. రేపు మీరు కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు ఇలా భయపడుతూ వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకి రెండు నిమిషాలు కేటాయించి ఈ సంగతి చెప్పండి.

న్యూబావర్ చాంబర్‌లో (కణాలు లెక్కపెట్టడానికి గడులు గీసిన గాజు పలక) తెల్ల కణాలు లెక్కపెట్టి 50తో గుణించమని మీకు ఈపాటికే నేర్పి ఉంటారు. ఆ 50 ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా రాసి చూశారా? మూలల్లో ఉన్న నాలుగు పెద్ద గడుల్లో లెక్కపెడతాం. ఒక్కో గడి 1 మిల్లీమీటర్ పొడవు, 1 మిల్లీమీటర్ వెడల్పు, కవర్ స్లిప్ కింద లోతు 0.1 మిల్లీమీటర్. ఒక గడి మీద ఉన్న ద్రవం 0.1 క్యూబిక్ మిల్లీమీటర్, అంటే 0.1 మైక్రోలీటర్, అంటే 100 నానోలీటర్లు. నాలుగు గడులకి 0.4 మైక్రోలీటర్. రక్తాన్ని 20 రెట్లు పలచన చేశాం. 20ని 0.4తో భాగిస్తే 50. నాలుగు గడుల్లో 130 కణాలు కనిపిస్తే మైక్రోలీటర్‌కి 6,500.

ఎర్ర కణాలకి ఇదే పద్ధతి, కాకపోతే గడులు చిన్నవి. మధ్య గడిలోని 80 బుల్లి గడుల్లో లెక్కపెడతాం. ఒక్కోదాని భుజం మిల్లీమీటర్‌లో 20వ వంతు, కాబట్టి వైశాల్యం 400వ వంతు. 80 గడులకి 0.2 చదరపు మిల్లీమీటర్, లోతు 0.1తో గుణిస్తే 0.02 మైక్రోలీటర్. 20 నానోలీటర్లన్నమాట. 200 రెట్ల పలచన, కాబట్టి 200ని 0.02తో భాగిస్తే 10,000. 480 కణాలు లెక్కకి వస్తే మైక్రోలీటర్‌కి 48 లక్షలు. సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం) చేసేవాళ్లు కూడా 10,000తోనే గుణిస్తారు, కానీ వాళ్ల 10,000 వేరు: ఒక పెద్ద గడిలోని 0.1 మైక్రోలీటర్‌ని మిల్లీలీటర్‌కి మారిస్తే వచ్చేది. అంకె ఒకటే కదా అని రెండింటినీ కలిపేస్తే మిల్లీలీటర్‌కీ మైక్రోలీటర్‌కీ మధ్య వెయ్యి రెట్లు గల్లంతవుతాయి. అందుకే గుణించే అంకెని గుర్తుపెట్టుకోవడం కన్నా, దాన్ని ప్రతిసారీ గడి కొలతల నుంచి కట్టుకోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. మొదట్లో ఆలస్యమవుతుంది, అయినా సరే.

ఫెమ్టోలీటర్ ఎందుకు నేర్చుకోవాలి అనిపిస్తే, రక్తపరీక్షలో ఎం.సి.వి. అన్న వరస చూడండి. ఒక్క ఎర్ర కణం సగటు ఘనపరిమాణం అది, పెద్దవాళ్లలో సుమారు 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు. దాంతో ఒక అందమైన సరిచూపు ఉంది. మైక్రోలీటర్ రక్తంలో 50 లక్షల ఎర్ర కణాలున్నాయి, ఒక్కోటి 90 ఫెమ్టోలీటర్లు అనుకోండి. రెండూ గుణిస్తే 45 కోట్ల ఫెమ్టోలీటర్లు. మైక్రోలీటర్ మొత్తం ఎంత? మిల్లీమీటర్ నుంచి మైక్రోమీటర్‌కి మూడు మెట్లు కాబట్టి 100 కోట్ల ఫెమ్టోలీటర్లు. 100 కోట్లలో 45 కోట్లు, అంటే నూటికి 45. అదే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాలు ఆక్రమించే వంతు! రిపోర్టులో ఎర్ర కణాల సంఖ్య, ఎం.సి.వి., హెమటోక్రిట్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. ఏదైనా ఒక రిపోర్టు తీసుకుని మొదటి రెండింటినీ గుణించి చూడండి, మూడోది వస్తుంది. మీ పరీక్షలో రాయాల్సిన ఆ వంద కోట్లు ప్రతి రక్తపరీక్ష కాగితం మీదా పనిచేస్తూనే ఉంది. ఇది ఒక్కసారి చేతితో చేశాక ఫెమ్టో అన్న మాటకి మీరు మళ్లీ భయపడరు.

గుండ్రని వాటికి మాత్రం ఒక చిన్న సవరణ కావాలి. గోళం, దాని వ్యాసమంత భుజమున్న ఘనంలో సగం కన్నా కొంచెం ఎక్కువ, సుమారు 0.52 వంతు. 20 మైక్రోమీటర్ల వ్యాసమున్న ఇంకు చుక్క తీసుకుంటే, 20 × 20 × 20 అంటే 8000, దాన్ని 0.52తో గుణిస్తే దగ్గర దగ్గర 4200 క్యూబిక్ మైక్రోమీటర్లు. అంటే 4200 ఫెమ్టోలీటర్లు, 4.2 పికోలీటర్లు. ఇంక్‌జెట్ ప్రింటర్లు కాగితం మీదకి విసిరే చుక్కలు ఈ సైజులోవే, కొన్ని పికోలీటర్లు. డ్రాపర్ నుంచి పడే నీటి చుక్కేమో సుమారు 50 మైక్రోలీటర్లు, 20 చుక్కలకి ఒక మిల్లీలీటర్. రెండూ చుక్కలే గానీ మధ్యలో కోటి రెట్లకి పైగా తేడా ఉంది.

చేతిపనిలో రెండు జాగ్రత్తలు. మైక్రోపిపెట్ (మైక్రోలీటర్లలో ద్రవాన్ని కొలిచి తీసే సాధనం) మీద మూడు అంకెల కిటికీ ఉంటుంది. చాలా రకాల్లో ఆ 1-0-0 అర్థం పిపెట్‌ని బట్టి మారుతుంది: 20 మైక్రోలీటర్ల పిపెట్‌లో 10.0, 200 దాంట్లో 100, 1000 దాంట్లో 1000. పైనున్న గరిష్ఠ పరిమాణం చూడకుండా కిటికీ చదవకండి. అనుమానం వస్తే నీటితో తూచి చూడొచ్చు. 1 మైక్రోలీటర్ నీరు దాదాపు 1 మిల్లీగ్రాము, కాబట్టి 100 మైక్రోలీటర్లు తీస్తే సూక్ష్మ తక్కెడలో 100 మిల్లీగ్రాములకి దగ్గరగా రావాలి. రెండోది రాత. మైక్రోకి వాడే మ్యూ గుర్తు తొందరలో రాస్తే మిల్లీకి వాడే ఎం లా కనిపిస్తుంది, అప్పుడు వచ్చేది వెయ్యి రెట్ల తప్పు. చేత్తో రాసేటప్పుడు మైక్రోలీటర్ అని పూర్తిగా రాయండి. బద్ధకించాల్సిన చోటు కాదిది, అవతల ఒక మనిషి ఉంటారు.

యాప్ సంగతి. వాడండి, తప్పేం లేదు. కాకపోతే ముందు జవాబు పెరగాలో తగ్గాలో, ఎన్ని మెట్లో కాగితం మీద రాసుకుని, తర్వాత యాప్ తెరవండి. కన్వర్టర్ ఉత్త ఘనపరిమాణాన్ని తప్పు లేకుండా మారుస్తుంది. కానీ “మైక్రోలీటర్‌కి ఇన్ని కణాలు” అన్న అంకెని దాంట్లో పడేస్తే, అది కింద ఉన్న యూనిట్ అని దానికి తెలీదు, నిశ్శబ్దంగా తిరగబడ్డ జవాబు ఇస్తుంది. ఇంకొకటి, బాగా చిన్న అంకెలు వచ్చినప్పుడు యాప్ తెర మీద 1 పక్కన ఇ అనే ఇంగ్లీషు అక్షరం, తర్వాత -9 కనిపిస్తాయి. అది 1 × 10⁻⁹ అని చదవాలి. మైనస్ పక్కనున్న అంకెని మూడుతో భాగిస్తే దిగాల్సిన మెట్లు ఎన్నో వస్తాయి. ఇక్కడ మూడు. జవాబు లీటర్లలో ఉంటే లీటర్ నుంచి మిల్లీ, మైక్రో, నానో. మైక్రోలీటర్లలో ఉంటే అదే -9 మిమ్మల్ని ఫెమ్టో దగ్గరికి చేరుస్తుంది, కాబట్టి ఎక్కడి నుంచి దిగుతున్నారో ముందు చూసుకోండి.